బురద అంటని జెర్సీ

గోలుకి ఆరు పాయింట్లిచ్చే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ స్థానిక లీగులో మా ఊరి జట్టు పక్క ఊరి చేతిలో అరవై పాయింట్ల తేడాతో ఓడింది. క్లబ్బు గదిలో జట్టును ఎంపిక చేసే డెస్, క్లైవ్ మాంసం కూరిన పైలు తింటూ జట్టుకు మరమ్మతులు చేస్తున్నారు.

"రోవన్‌ని గోలు ముందు నుంచి కదపొద్దు. వాడికి బంతి అందితేగా గోలు కొట్టేది," అన్నాడు డెస్.

"తప్పంతా మధ్యలో ఆడేవాళ్లదే," అన్నాడు క్లైవ్.

ముప్పై ఏళ్లుగా ఈ జట్టు జెర్సీలు ఉతికేది నేను. నాకు ఒళ్లు మండింది. మాసిన బట్టల బుట్టలోంచి రోవన్ జెర్సీ తీసి వాళ్ల ముందు పడేశాను. ఆటంతా వానలోనే సాగినా దానికి బురద చుక్క అంటలేదు.

"బంతి కోసం కిందపడ్డవాడి జెర్సీ ఇలా ఉంటుందా? వచ్చే శనివారం వాణ్ణి రెండో జట్టులో ఆడించండి."

"నోరీనక్కా, వాడు నీ మనవడు," అన్నాడు డెస్ మెల్లగా.

"అందుకేగా ఇందాకటి నుంచీ మిగతావాళ్లని తిడుతున్నారు."