డుమస్ ఒడ్డున సదానందం

సదానందానికి చెవుడొచ్చిందని భేస్తాన్ గల్లీ అంతా గుసగుసలు పోతోంది. గుసగుసలెందుకో మరి, గట్టిగా అన్నా ఆయనకు వినబడదు కదా! ఆ మాట భార్య స్వరాజ్యం చెవిన పడింది. అప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే, మరమగ్గాలు నడిపే మొగుడు ససేమిరా అంటాడు.

"సాంచాల సప్పుడుల ఎవనికి ఇనవడ్తది? జర సప్పుడు లేని తావుకు తీస్కపో. నీ గుండె కొట్టుకునుడు గూడ ఇంట," అన్నాడు.

భేస్తాన్‌లో అలాంటి చోటు ఎక్కడిది? పగలూ రాత్రీ ఏదో ఒక కార్ఖానాలో మరమగ్గాలు మోగుతూనే ఉంటాయి. అందుకని సెలవు రోజున పులిహోర కట్టుకుని, కూతురు నీరజను వెంటేసుకుని, మొగుణ్ణి బస్సెక్కించింది. మొదట తాపీ నది ఒడ్డున కోట, తర్వాత డుమస్ సముద్రం. పిల్లకు షికారు, తల్లికి పరీక్ష.

కోటలో నీరజ ప్రతి బోర్డు ముందూ ఆగింది. వలసొచ్చిన ఊళ్లో నేర్చుకున్న గుజరాతీలో చదివి, తండ్రివైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"బాపూ, గీ ఫిరంగి సూడు. దుష్మన్లు నదికెల్లి వస్తరని వెట్టిన్రట."

"మరి రాత్రిపూట వస్తెనో?" అన్నాడు సదానందం.

ఒక్క మాట పొల్లుపోలేదు! స్వరాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. గల్లీ వాళ్లను మనసులోనే నాలుగు తిట్టి, పులిహోర ఇంకాస్త పెట్టుకుని తింది.

డుమస్ చేరేసరికి మబ్బు పట్టి గాలి లేచింది. నల్లటి ఇసుక మీద సదానందం చెప్పులు చేతబట్టుకుని ముందు నడిచాడు. పోటు మొదలైంది.

"బాపూ, ఆగు! నీళ్లొస్తున్నయ్!" నీరజ వెనక నుంచి కేకేసింది. మళ్లీ కేకేసింది. భజియా బండి దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు. ఆయన మాత్రం తిరగలేదు. అల మోకాళ్లకు కొట్టాక ఉలిక్కిపడి వెనక్కొచ్చాడు.

స్వరాజ్యానికి అప్పుడు తెలిసొచ్చింది. సాంచాల దగ్గర అందరూ పెదవులు చూసే మాట పోల్చుకుంటారు. ఆమె కూడా అక్కడ దారం కండెలు చుట్టిన మనిషే. ఎదుట నిలబడి, నోరు బాగా తెరిచి, మాటా మాటా విడదీసి పలకడం ఇంట్లో కూడా అలవాటైపోయింది. పిల్లకూ అదే వచ్చింది. ఆయన ఎన్నాళ్లుగానో వినడం లేదు, చూస్తున్నాడు. తామే ఆయన చెవుడును ఆయనకు తెలియకుండా దాచిపెట్టారు.

సదానందం సముద్రాన్నే తేరిపార చూస్తున్నాడు. ముఖంలో భయం కనబడుతోంది.

"ఏందే స్వరాజ్యం, సముద్రం గింత పెద్దగుండి జరంత గూడ సప్పుడు జెయ్యదా?"

ఆ మాట మీదే అల విరిగి పడింది. నీరజ ఏదో చెప్పబోతే తల్లి ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. వచ్చి మొగుడి ఎదుట నిలబడింది. ఉత్త పెదవులు కదిలించింది.

"ఇయ్యాల గాలి లేదు గదా, గందుకే."

సదానందం ఆమె పెదవులను చివరిదాకా చూశాడు. గాలికి ఎగిరిపోతున్న తువ్వాలను రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా తల ఊపాడు.

"గంతే గావచ్చు," అన్నాడు.