గింజలు జల్లే తాత చెయ్యి

ఏప్రిల్ ఆఖరు వారానికి మినెగురో కొండ మీద మంచుకి పరువు పోతుంది. జనవరిలో దాని కోసం బస్సులు కట్టించుకుని వచ్చిన జనం ఇప్పుడు కన్నెత్తి చూడరు. గాలికొచ్చిన పసుపు దుమ్ము పేరుకుని, అడవి ఆకులు రాలి, అక్కడక్కడ వెదురుగడ్డి తలలెత్తి, నెలల తరబడి ఉతకని దుప్పటిలా పడి ఉంటుంది. పొద్దున్నే గులకరాళ్ళంత గట్టిగా ఉంటుంది. పది గంటలకి పంచదార పలుకులవుతుంది. మధ్యాహ్నం రెండింటికి జావ. తెలిసినవాడు పదికీ పన్నెండుకీ మధ్యనే స్కీలు కట్టుకుని ఆ సుఖం కాస్తా అనుభవించి పోతాడు. తెలియనివాడు జావలో మోకాళ్ళదాకా కూరుకుపోయి కొండని తిడతాడు.

ఆ మంచుని బతికించి ఉంచే పని తొకుజిది. అరవై రెండేళ్ళవాడు. చలికాలమంతా గొలుసు చక్రాల బండి నడిపి మంచు చదును చేస్తాడు, కరిగాక కింద తన మళ్ళలో వరి వేస్తాడు. మార్చి దాటితే కుర్రాళ్ళందరూ వెళ్ళిపోతారు కాబట్టి బండీ అతనే, లిఫ్టూ అతనే. ఆ లిఫ్టు కూడా పాతకాలపు సరుకు. ఒక్క మనిషి పట్టే కుర్చీలు తీగకి వేలాడుతూ మూలుగుతూ కొండెక్కుతాయి. కుర్చీ వచ్చినప్పుడల్లా చీపురుతో తడి తుడిచి, ఎక్కేవాళ్ళతో "వెళ్ళి రండి" అనాలి. అది ఆ కొండ ఆనవాయితీ. ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళతో ఇంట్లోవాళ్ళు అనే మాట అది. తొకుజితో ఆ మాట అనేవాళ్ళు అతని ఇంట్లో లేరు. అమ్మ పోయి పద్దెనిమిదేళ్ళయింది. పెళ్ళెందుకు కాలేదో ఊళ్ళో తలా ఓ కారణం చెబుతారు. అతనొక్కడే ఏమీ చెప్పడు.

"వెళ్ళి రండి" అని ఎన్ని వందలసార్లు అన్నా తిరిగి పలికేవాళ్ళుండరు. కుర్చీతో మాట్లాడినట్టే. పలికేది ఒక్కరే. సీజను చివరిరోజున, మే అయిదున, సెందాయ్ పట్నం నుంచి మొదటి బస్సులో వచ్చే ఒకావిడ. నీలం ఉన్ని టోపీ, ఇప్పుడెవరూ వాడని పొడుగాటి స్కీలు. కుర్చీలో కూర్చున్నాక మెడ తిప్పి, పక్క వీధికి వెళ్తున్నంత మామూలుగా "వెళ్ళొస్తానండీ" అనేది. ఒక్కసారే ఎక్కేది. దిగేటప్పుడు సగం దూరంలో, బీచ్ అనే పెద్ద అడవి చెట్టు దగ్గర చాలాసేపు ఆగేది. అలసట తీర్చుకుంటోంది పాపం అనుకునేవాడు తొకుజి. తర్వాత లిఫ్టు గది పక్కన బల్ల మీద కూర్చుని, తను తెచ్చిన కాల్చిన చేప ముద్దలు రెండు అతనికిచ్చి, అతను మంచు కరిగినచోట మొలిచే చిరుచేదు ఫుకి మొగ్గలు వేయించి కలిపి చేసిన అన్నపు ఉండ తిని, రెండు నలభై బస్సుకి వెళ్ళిపోయేది.

పదకొండేళ్ళుగా ఇదే. ఏడాదికి ఓ ముప్ఫై మాటలు, అందులో సగం మంచు గురించే. పేరు అడగలేదు. అడిగితే, ఎందుకూ అంటుందేమోనని భయం. ఆ ముప్ఫై మాటల్నే మిగతా ఏడాదంతా, నాట్లప్పుడూ కోతలప్పుడూ బండిలో ఒంటరిగా కూర్చున్నప్పుడూ నెమరేసుకునేవాడు. దీన్నేమంటారో అతనికి తెలియకపోలేదు. తెలిసే నోరు మూసుకున్నాడు.

ఈ ఏడు మంచు తక్కువ పడింది. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన కువానో వచ్చాడు. ఊరి ఆఫీసు తరఫున ఈ స్కీ మైదానం చూసుకునే మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ఏనాడూ బూట్లకి బురద అంటించుకోని బాపతు.

"బాబాయ్, మూసేద్దాం. నిన్న ఎంతమంది వచ్చారో తెలుసా? పదకొండు మంది. అందులో ఇద్దరు బాత్రూం కోసం."

"అయిదు దాకా నిలబెడతా."

"ఎవరి కోసం?"

"అయిదని క్యాలెండర్లో అచ్చేశారుగా."

"అచ్చేసినదాని మీద నీకంత గౌరవం ఎప్పట్నుంచి? నేనిచ్చిన నోటీసు ఒక్కటైనా చదివావా ఇంతవరకూ?" కువానో నవ్వి, కింద వాగు తూము వైపు చూశాడు. స్కీ దారి చివర, లిఫ్టుకి కాస్త ముందు, తూము మీద మంచు పలచగా నల్లబడి ఉంది. "సరే. అదిగో, ఆ తూము దగ్గర మంచు తెగిందా, ఆ రోజే మూత. ఫోన్ చేసేవాళ్ళకి వినిపించే రికార్డు కూడా మార్చేస్తా. మళ్ళీ నన్ను బతిమాలకు."

ఆవిడ బయల్దేరే ముందు ఆ రికార్డు విని వస్తుందని తొకుజికి తెలుసు. ఓ ఏడు తనే చెప్పింది. "మూసివేయబడింది" అని వింటే రాదు. ఎవరికని కబురు చెయ్యడం? పేరు తెలియదు, ఫోన్ నంబరు తెలియదు. మళ్ళీ ఏడాది ఆగాలి. ఇరవై ఏళ్ళవాడికి ఏడాదంటే లెక్కలేదు. అరవై రెండేళ్ళవాడికి అది చిన్న మాట కాదు.

ఇక చూడాలి అతని తాపత్రయం. పొద్దున నాలుగున్నరకి వెలుగు రావడం ఆలస్యం, పారతో అడవి నీడల్లోంచి మంచు తవ్వి, తట్టబండి మీద లాగి తూము మీద పోసేవాడు. పొలానికి తెచ్చుకున్న ఎరువు బస్తా విప్పి చల్లేవాడు. ఆ ఎరువు పడితే మంచు కాసేపు గట్టిపడుతుంది, కొండ మీద పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన కిటుకు అది. వరికి వేయాల్సిన ఎరువు మంచుకి వేస్తున్నాడని లిఫ్టు టిక్కెట్లమ్మే అమ్మాయి నవ్వింది. మే రెండున వెచ్చటి వాన కురిసింది. మూడో తారీఖు పొద్దున చూసేసరికి తూము మీద మూడు బారల మేర నల్లమట్టి, ఇంకా కువానో కంట పడలేదంతే. అడవి నీడలు ఊడ్చేసినట్టున్నాయి.

మంచు ఇంకొక్కచోటే ఉంది.

మినెగురో ఎడమ భుజం మీద ఏటా మంచు కరుగుతూ కరుగుతూ చివరికి నల్లకొండ మీద తెల్లగా ఒక మనిషి ఆకారం మిగులుతుంది. వంగిన నడుము, గడ్డి టోపీ, ముందుకు చాచిన చెయ్యి. గింజలు జల్లే తాత. తాత చెయ్యి చాచాడంటే కింద ఊళ్ళలో విత్తనం నానబోస్తారు. వాతావరణ శాఖ ఏం చెప్పినా సరే, తాతనొకసారి చూసుకుని గానీ గంపలో చెయ్యి పెట్టరు. ఆ చెయ్యి నిజానికొక లోయ. ఎండ తగలని ఆ ఇరుకులో మంచు నిలువెత్తున ఉంటుంది.

ఈ సంగతి తొకుజికి తెలియదా? అతని తాతముత్తాతలు ఆ చేతిని చూసే నారు పోశారు. అయినా బండి స్టార్టు చేశాడు. అందరూ విత్తనాలు వేసేశారుగా, ఇంక ఆ చేతితో ఎవరికేం పని అని తనకి తనే చెప్పుకున్నాడు. ఒంటరివాళ్ళు తమకి తాము చెప్పుకునే కారణాలన్నీ ఇలాగే ఎంతో సబబుగా ఉంటాయి, కాదనడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు మరి. రెండు పొద్దులు లోయలోంచి మంచు తోసుకొచ్చాడు. నాలుగో తారీఖు ఏడయ్యేసరికి తూము మీద మంచు నడుమెత్తు లేచింది. పైన తాతకి భుజం దాకా చెయ్యి లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తుంటే పక్కింటి యొనె అవ్వ కంచె దగ్గర కాపు కాసింది.

"ఒరేయ్ తొకుజీ, తాత చెయ్యేదిరా?"

"వాన పడిందిగా అవ్వా. కరిగిపోయింది."

"నాకు ఎనభై నాలుగేళ్ళురా. ముందు టోపీ పోతుంది, తర్వాత కాళ్ళు. చెయ్యి ఆఖరు. టోపీ ఉండగా చెయ్యి పోవడం మా అత్తగారి కాలంలో కూడా లేదు."

"కాలం మారిందవ్వా."

"మారితే మారనీ. నీ చెవులెందుకలా ఎర్రబడ్డాయి?"

"ఎండ" అని గొణిగి గబగబా ఇంట్లోకి దూరాడు. ఆ పూట ఫుకి మొగ్గలు వేయిస్తుంటే మనసు బాగానే ఉంది. రేపు వస్తుంది. అంతకన్నా ఇంకేం కావాలి?

వచ్చింది. బస్సు మెట్లు ఒక్కొక్కటీ రెండు పాదాలూ ఆనించి దిగింది. ఆ ఏడు పేరు అడగాలని తొకుజి నిశ్చయించుకున్నాడు. కుర్చీ ఒకటికి రెండుసార్లు తుడిచాడు.

"వెళ్ళి రండి."

"వెళ్ళొస్తానండీ."

కొంతసేపటికి బీచ్ చెట్టు దగ్గర నీలం టోపీ కనిపించింది. ఆగింది. ఎడమవైపు తిరిగింది. అలాగే నిలబడిపోయింది. పావుగంటయింది, కదలలేదు. అలసట తీర్చుకునేవాళ్ళు ఎప్పుడూ అటే ఎందుకు తిరిగి నిలబడతారని తొకుజికి పదకొండేళ్ళలో మొదటిసారి అనుమానం వచ్చింది. ఆవిడ చూస్తున్న వైపు తనూ చూశాడు. నల్లకొండ మీద చెయ్యి లేని తాత.

మెల్లగా దిగి వచ్చి బల్ల మీద కూర్చుంది. అన్నపు ఉండ చేతిలో పట్టుకుంది కానీ తినలేదు.

"తెరిచే ఉందని ఫోన్లో విని ఎంత సంతోషించానో" అంది. "ఈసారి తాతకి చెయ్యి లేదేమండీ?"

తొకుజి పక్కనున్న చీపురు చేతిలోకి తీసుకున్నాడు.

"మా ఆయనది ఈ కింద ఊరే. పదిహేనో ఏట పనికని సెందాయ్ వచ్చేశారు. మే నెల వస్తే చాలు, తాత చెయ్యి చాచాడో లేదో అని ఒకటే గోల. పోయి చూసి రండి అంటే సెలవు లేదనేవారు. చివరికి చూడకుండానే పోయారు. అప్పట్నుంచీ నేనే వచ్చి చూసి, వెళ్ళి ఫోటో దగ్గర చెబుతున్నా, చాచాడండీ అని. ఆ చెట్టు దగ్గర్నుంచైతే మనకేదో ఇస్తున్నట్టే ఉంటుంది. లేకపోతే నాకు స్కీ ఏం వచ్చని? చూస్తూనే ఉన్నారుగా నా తంటాలు."

"మళ్ళీ ఏడు మొలుస్తుంది లెండి" అన్నాడు ఎలాగో.

"మళ్ళీ ఏడు నేను రాను. మోకాళ్ళు పనికిరావన్నారు. వచ్చే నెల దక్షిణాన కగోషిమాలో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. అక్కడ మంచే ఉండదట." నవ్వబోయి మానేసింది. "అందుకే ఆఖరిసారి చూసి చెబుదామని వచ్చా. ఇంటికెళ్ళి ఆయనకేం చెప్పాలో తోచడం లేదు."

కరిగిపోయిందనొచ్చు. వాన మీద పెట్టొచ్చు. ఈవిడ యొనె అవ్వ కాదు, నమ్మేస్తుంది కూడా. తొకుజికి ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నాళ్ళూ తన కోసం కాకపోయినా, కనీసం తన మంచు కోసం వస్తోందనుకున్నాడు. అదీ కాదు. పైగా ఆవిడ ఏటా దేనికోసం వస్తోందో దాన్నే తవ్వి పారేశాడు, ఆవిడ కోసమని.

"కరగలేదండీ" అన్నాడు. "నేనే తవ్వాను."

ఆవిడ అతని వైపు తిరిగింది. "ఎందుకు?"

"తూము దగ్గర మంచు తెగితే మూసేస్తారు. మూస్తే మీరు రారు." పదకొండేళ్ళలో అతను ఆవిడతో మనసు విప్పి మాట్లాడిన మొదటి మాట అదే. ఇంకేం మిగల్లేదు చెప్పడానికి. తల వంచుకుని చీపురు పుల్లలు సవరించాడు.

తిడుతుందనుకున్నాడు. లేచి బస్సు దగ్గరికి వెళ్ళిపోతుందనుకున్నాడు.

"ఎక్కడుంది?" అంది ఆవిడ.

"ఏమిటి?"

"చెయ్యి."

తూము వైపు చూపించాడు. "మీరు దిగి వచ్చింది దాని మీదే."

ఆవిడ లేచి అక్కడికి నడిచింది. మోకాళ్ళు పట్టుకుని, అబ్బా అంటూ కష్టం మీద కూర్చుంది. అతను పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. ఆవిడ గ్లవ్ తీసి అరచెయ్యి మంచులోకి నొక్కింది. ఎరువు చల్లిన మంచు, పసుపు దుమ్ము పట్టిన మంచు. వేళ్ళు ఎర్రబడేదాకా అలాగే ఉంచింది.

"చెప్పేస్తానులెండి" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళూ దూరం నుంచే చూశాను, ఈ ఏడు వెళ్ళి చెయ్యి పట్టుకొచ్చానండీ అని. ఆయనకి నామీద కుళ్ళు పుడుతుంది."

లేవడానికి అతని మోచెయ్యి పట్టుకుంది. లేచాక వదిలేసింది.

"నా పేరు చిగుసా" అంది.

"తొకుజి."

"తెలుసు. మీ చొక్కా మీద బిళ్ళ ఉందిగా. పదకొండేళ్ళుగా చదువుతూనే ఉన్నా."

రెండు నలభై బస్సు వచ్చింది. స్కీలు డ్రైవరుకి అందించి, పొద్దున అడవిలో కోసిన కోగోమి ఆకుకూర చిగుళ్ళ సంచి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టగానే, ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, నోరు దానంతటదే అనేసింది.

"వెళ్ళి రండి."

అని నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ మెట్టు మీదే ఆగింది. వెనక్కి తిరిగి అతన్ని చూసింది. ఇక రాదని ఇద్దరికీ తెలుసు.

"వెళ్ళొస్తానండీ" అంది.

నాలుగింటికి తొకుజి లిఫ్టు ఆపి, కుర్చీలు ఒక్కొక్కటీ తుడిచి తాళం వేశాడు. మర్నాడు చూసేసరికి తూము మీద మంచు మధ్యకి తెగి, నీళ్ళు కాలవలో పడి కింద మళ్ళ వైపు పోతున్నాయి. యొనె అవ్వకి కంచె దగ్గర నిజం చెప్పేశాడు. అవ్వ తిట్టాల్సినంతా తిట్టి, అయిదు నిమిషాలకి ముల్లంగి ఊరగాయ తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది.

ఏడో తారీఖున బూట్లు తొడుక్కుని పొలానికి బయల్దేరాడు. గడపలో నిలబడి, ఖాళీ ఇంటివైపు తిరిగి, పద్దెనిమిదేళ్ళ తర్వాత మొదటిసారిగా ఆ మాట తను అన్నాడు.

"వెళ్ళొస్తా."

ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.