క్యూ వైపు బొమ్మ

తిండి అమ్మే బండి మీద రంగులతో గీయించిన బొమ్మలు రెండుంటాయి, క్యూ వైపొకటి, రోడ్డు వైపొకటి. క్యూ వైపు బొమ్మ డబ్బు తెస్తుంది. రోడ్డు వైపు బొమ్మను చూసి సిగ్నల్ దగ్గర ఆగిన కార్లవాళ్లు ఓ హారన్ కొట్టి పోతారు. సెయింట్ లూయిస్‌లో స్టేడియం బయట వేయించిన చేప అమ్మి బతుకుతున్నవాణ్ణి, హారన్లతో నూనె కొనలేమని నాకు తెలుసు.

నాలుగేళ్లుగా మా బండికి క్యూ వైపున్నది మా అక్క కూతురు తలీషా బొమ్మ. మా ఊరి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమే ప్రాణం. లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు ఆమెవే. ‘తలీషా ప్లేటు’ అంటే రెండు క్యాట్‌ఫిష్ ముక్కలు, తెల్ల బ్రెడ్డు, ఊరవేసిన దోసకాయ, కారం సాసు. మా నల్లవాళ్ల పేటలో పుట్టినవాళ్లెవరూ మెనూ చూడరు, పేరు చెప్పి చెయ్యి చాపుతారు.

ఈ వేసవిలో అదే జట్టులోకి హైడీ వచ్చింది. సౌత్ డకోటా నుంచి వచ్చిన తెల్లపిల్ల. పోనీటెయిల్ ఊపుకుంటూ ఎక్కణ్ణుంచో బంతి విసిరితే అది వలలో పడుతుంది. ఆట మంచిదే, కాదనను. కానీ జనం ఆట కోసమే వచ్చారని కూడా అనను. ఆడవాళ్లు బాస్కెట్‌బాల్ ఆడతారని నిన్నటిదాకా తెలియని కుటుంబాలు వ్యాన్లలో దిగాయి. టీవీవాళ్లు హైడీని ‘మన పక్కింటి పిల్ల’ అన్నారు. తలీషాను మొదటి నుంచీ ‘బలమైన క్రీడాకారిణి’ అనే అంటున్నారు. పక్కింటి పిల్ల చేత సబ్బు అమ్మించవచ్చు, పాలు అమ్మించవచ్చు, ఇన్సూరెన్సు అమ్మించవచ్చు. బలం చేత ఏం అమ్మిస్తారు?

వచ్చినవాళ్లు ‘హైడీ ప్లేటు’ అడిగారు. అడిగినదాన్ని లేదనే అలవాటు నాకు లేదు. అదే చేప, అదే నూనె, అదే బ్రెడ్డు. పైన ఒక నిమ్మచెక్క, ధర ఒక డాలరు ఎక్కువ. ఒక పెద్దమనిషి రెండు ప్లేట్లూ రుచి చూశాడు.

“ఇది తేలిగ్గా ఉందండీ. ఆ రెండోది కాస్త బరువు,” అన్నాడు.

“మీ నాలుకకి దండం పెట్టాలండీ,” అన్నాను. ఆయన మరో రెండు హైడీ ప్లేట్లు కట్టించుకున్నాడు.

దాంతో పెయింటర్‌ని పిలిపించాను. హైడీ బొమ్మ క్యూ వైపుకి, తలీషా బొమ్మ రోడ్డు వైపుకి.

సరిగ్గా అదే వారం ఒక బూట్ల కంపెనీ తలీషాకు కబురు పంపింది. హైడీకి ఇచ్చేదాంట్లో సగం ఇస్తామని, శుక్రవారంలోగా సంతకం పెట్టమని. నాకు ఒళ్లు మండింది. “సగానికి సంతకం పెడితే నా బండి దగ్గరికి రావద్దు!” అని ఫోన్లో అరిచాను.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక తలీషా బండి దగ్గరికి వచ్చింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి, నడుం వంచితేగాని కిటికీలోంచి మొహం కనబడదు. లోపల మా అక్క వెర్నెట్ చేప వేయిస్తోంది.

“ఏం మావయ్యా, నన్ను రోడ్డున పడేశావ్?”

“రోడ్డున కాదే, రోడ్డు వైపు. ఊరంతా నిన్నే చూస్తుంది.”

“చూస్తే సరిపోద్దా, కొనొద్దూ? సర్లే, వ్యాపారం నీది. హైడీ బొమ్మకి ఎంతిస్తున్నావ్?”

“ఆటకి వంద డాలర్లు. ఆ పిల్ల ఏజెంటు కాగితం రాయించుకున్నాడు.”

“మరి నాకో?”

“నీకు నేను డబ్బులిచ్చేదేంటే, నువ్వు మన పిల్లవి!”

“అంటే సున్నా.”

“చేప ఊరికే పెడుతున్నాగా!”

“హైడీకీ ఊరికేగా పెడుతున్నావ్. నిన్న మూడు ప్లేట్లు లాగించిందంట.”

“అడిగేశావా తల్లీ,” అంది మా అక్క వెనక్కి తిరక్కుండానే. “నాలుగేళ్లు పట్టింది నీకు.”

నేను గొంతు సవరించుకున్నాను. “చూడమ్మా, ఆ పిల్ల వచ్చాక క్యూ వీధి మలుపు తిరిగింది. జనాన్ని తెచ్చేవాళ్లకి ఒక రేటుంటది. ఇది రంగు సంగతి కాదు, లెక్క సంగతి.”

తలీషా నవ్వింది. “బూట్ల కంపెనీ ఆయనా అచ్చం ఇదే అన్నాడు మావయ్యా. రంగు కాదు, లెక్క. ఆయన మెడకి టై కట్టాడు, నువ్వు నడుంకి ఏప్రన్ కట్టావ్.”

“ఒరే ఓటిస్,” అంది అక్క, “చేపకన్నా నీ మొహమే ఎక్కువ మాడిందిరా.”

“యాభై ఇస్తా,” అన్నాను.

“సగానికి ఒప్పుకుంటే ఇక్కడికి రావొద్దన్నది ఎవరు?”

“నేను వందకి ఒప్పుకోకపోతే?”

“నా బొమ్మ చెరిపెయ్. మెనూలో పేరు తీసెయ్. అంతే.”

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది. చేతులు తుడుచుకుంటూ లెక్క వేశాను. హైడీ జనం ఆట ఉన్న రోజున వస్తారు. సెప్టెంబరు దాటితే ఆటల్లేవు. చలికి చేతులు వణుకుతూ ఫిబ్రవరిలో నా కిటికీ దగ్గర నిలబడే మా పేటవాళ్లు నిమ్మచెక్క అడగరు, తలీషా ప్లేటు అడుగుతారు. ఏడాదిలో సగం రోజులు నా పొయ్యి వెలిగించిన పేరుకి నేను రేటు కట్టలేదు. ఎందుకంటే ఆ పేరుకి ఏజెంటు లేడు, మావయ్య ఉన్నాడు.

“వంద,” అన్నాను. “కిటికీకి అటు నువ్వు, ఇటు ఆ పిల్ల.”

“మరి పాత నాలుగేళ్లవీ?”

“పాతవి చలికాలంలో ఇస్తానే, చంపకు.”

“ఇంకోటి. నా ప్లేటు డాలరు తక్కువెందుకుంది?”

ఆ ధర కూడా పెంచాను. మంగళవారం ఏళ్ల తరబడి మా దగ్గరే కొనే ప్రూయిట్ అమ్మగారు ధర చూసి కిటికీ మీద కర్రతో కొట్టింది.

“ఏరా, బంగారం నూనెలో వేయిస్తున్నావా?”

“తలీషాకి జీతమిస్తున్నానమ్మా.”

“ఇన్నాళ్లూ ఇవ్వలేదా! సిగ్గులేనోడా, రెండు కట్టు.”

తలీషా సమానం అడిగేసరికి శుక్రవారం బూట్ల కంపెనీ సగం నుంచి ముప్పావుకి వచ్చింది. ఇంతకుముందు వాళ్లతో ఎవరూ బేరమాడలేదట. తలీషా సంతకం పెట్టలేదు. మాల్‌లో ఏ కంపెనీ గుర్తూ లేని తెల్ల బూట్లు కొనుక్కుని ఆ సాయంత్రం ముప్ఫైనాలుగు పాయింట్లు కొట్టింది. ఆ వేసవిలో వాళ్లిద్దరికీ సమానంగా ఇచ్చిన సంస్థ మా ఊళ్లో ఒక్కటే. దానికి నాలుగు చక్రాలున్నాయి, ఒకదాంట్లో ఎప్పుడూ గాలి తక్కువే.