ముందు కారు లేని దారి

ఆవుకు తవుడు కలపాలి. పాలు కేంద్రంలో పోసి రావాలి. దోసెలకు రుబ్బాలి. అత్త సంతోషమ్మ మోకాళ్లకు నూనె రాయాలి. మొగుడి చొక్కాలు ఇస్త్రీ చేయాలి. ఇవన్నీ అయ్యాక, అతను అంగడి నుంచి వచ్చేలోపు, కారుకు గేర్లు కుదర్చాలి.

కారంటే నిజం కారు కాదు, కంప్యూటర్లోది. మొగుడు మునిచంద్ర స్టీరింగూ పెడళ్లూ కొనుక్కుని, ముగ్గురు స్నేహితులతో కలిసి ఆరు గంటల రేసులు ఆడతాడు. ఒకే కారు, వంతులవారీగా నడపాలి. గేరు పొట్టిగా పెడితే బండి చప్పున వేగం అందుకుంటుంది. పొడుగ్గా పెడితే పెట్రోలు మిగులుతుంది. ఆ లెక్క మోహనది. పుట్టింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఆటలో పేరు మాత్రం అతనిది.

"నువ్వు ఒగదానివే తిప్పి సూసుకో. అందురూ కలిసి ఆడే ఆన్‌లైన్ రూములోకి పోవద్దు. ఆడ మొగోళ్లు మాట్లాడుకుంటాంటారు" అన్నాడు మొదట్లోనే. సరేనంది.

ఆదివారం రేసులో ఓడిపోయారు. ముందు కారు వెనకాలే పోతుంటే ఆరో గేరు చాల్లేదు. ఇంజను గరిష్ఠానికి చేరి అక్కడే కొట్టుకుంది.

"యోవ్ చంద్రా! ఈ గేర్లు పెట్టిందెవురప్పా?" స్పీకర్లో ఆ ముగ్గురిలో ఒకడు, కిరణ్, అరిచాడు.

"మా ఇంట్లోది ఏలు పెట్టిందిలేబ్బా."

నాలుగు రేసులు గెలిచినప్పుడు రాని మాట అది. టీ గ్లాసుతో నిలబడ్డ మోహన దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"మొగోడి ఆటలో నీకేం పనమ్మా?" అంది సంతోషమ్మ.

తప్పు తనదే. అంట్లు తోముతున్నా, పేడ ఎత్తుతున్నా అదే తలుచుకుని కుమిలింది. ముందు కారు గాలిని చీలుస్తూ పోతే వెనక కారుకు అడ్డు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. దానికి గేరులో కాస్త జాగా వదలాలి. డిగ్రీ చదివి ఆ మాత్రం తట్టలేదా? తట్టలేదు. ఆమె నడిపినన్నాళ్లూ ముందు ఒక్క కారూ లేదు. ఎందుకు లేదు?

ఆ ప్రశ్న దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం, దొంగతనం చేస్తున్నంత బెదురుతో, అందరూ ఉండే రూము తెరిచింది. మొగుడి పేరు చెరిపి తన పేరు కొట్టింది. తప్పు చేస్తున్నాననే అనిపించింది. అయినా మైకు ఆపలేదు.

మీలో ఆ ఆట ఆడేవాళ్లుంటే, ఎప్పుడైనా మీ వెనకాలే అంటుకుని వచ్చే కారు మీద మోహన అని కనబడితే, దారి ఇవ్వకండి. ఆమెకు కావలసింది ముందొక కారు. పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి.