ముప్పై మూడు మీద మా పాట

మా బ్యాండు పేరు టిన్ మిటెన్స్. అమెరికాలోని టొలీడోలో పంతొమ్మిది వందల ఎనభై ఆరు వసంతంలో మొదలై, మంచు పడేలోపే చాప చుట్టేసింది. అయినా అంత జోరుగా వాయించినవాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ లేరని బల్ల గుద్ది చెబుతాను. పాటలు రాసేదీ పాడేదీ నేను, పేరు రెనాటా. గిటారు రస్, బేస్ గిటారు వెండెల్, డ్రమ్స్ జాయిస్. జాయిస్ నోరు విప్పేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది.

మా చిన్న రికార్డును కాలేజీ రేడియోలో ఒక కుర్రాడు వేశాడు. నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరగాల్సినదాన్ని ముప్పై మూడు మీద పెట్టేశాడు మహానుభావుడు. నా హుషారు పాట కాళ్లీడ్చుకుంటూ, నా గొంతు బండ మగగొంతై గాల్లోకి వెళ్లింది. ఊరు దానికే పడి చచ్చింది. మళ్లీ అలాగే వేయమని ఒకటే ఫోన్లు.

క్లబ్బు యజమాని గస్ మమ్మల్ని పిలిపించాడు.

"పాడినాయన ఎవరు?"

"నేనే."

నన్ను ఎగాదిగా చూశాడు. "చూడమ్మాయ్, జనం వచ్చేది ఆ గొంతు కోసం. ఈ శనివారం పాట అలాగే వినిపిస్తే, వేసవి శనివారాలన్నీ మీవే. లేదంటే నాకు బ్యాండ్లకేం కరువు లేదు."

రస్ వాళ్ల గరాజ్‌లో ఓటు పెట్టుకున్నాం. మాలో ఏ సంగతైనా ఓటుతోనే తేలేది.

"వెండెల్‌ది బండ గొంతేగా, వాడు పాడేస్తాడు. ఒక్క పాటే కదే," అన్నాడు రస్.

"నా పాట నేను పాడకపోతే నేనెందుకురా ఇక్కడ, స్పీకర్లు మొయ్యడానికా?"

"అలగకే. పైకొస్తే అందరం వస్తాం," అన్నాడు వెండెల్, అప్పుడే గొంతు సవరించుకుంటూ.

వాళ్లిద్దరూ చేతులెత్తారు. వద్దని నేనొక్కదాన్నే ఎత్తాను. జాయిస్ సాసేజ్ శాండ్‌విచ్ మీంచి తలెత్తలేదు. అందరికంటే జాయిస్ మీదే నాకు ఒళ్లు మండింది.

శనివారం క్లబ్బు కిక్కిరిసింది. ఆ పాట వంతు రాగానే మైకు వెండెల్‌కి వదిలి పక్కకు జరిగాను. వాడు కళ్లు మూసుకుని సైగ చేశాడు. జాయిస్ కర్రలు నాలుగుసార్లు తాటించి మొదలుపెట్టింది, మేం రికార్డు చేసిన వేగంతోనే.

"నెమ్మదిగా కొట్టవే," అని వెండెల్ వెనక్కి తిరిగి గదిమాడు.

జాయిస్ ఇంకాస్త పెంచింది. రెండో లైనుకే వాడికి ఊపిరి అందలేదు. జనం నవ్వారు. వాడు మైకు వదిలేసి నా వైపు చూశాడు.

వెళ్లి అందుకున్నాను. సగం మంది బీరు కోసం అటు తిరిగారు. మిగతా సగం స్టేజీ దగ్గరికి తోసుకొచ్చారు. అంత బాగా నేను అంతకుముందెప్పుడూ పాడలేదు.

దిగగానే గస్ ఇక రావద్దని చెప్పేశాడు. రస్, వెండెల్ మాతో పలకకుండా వెళ్లిపోయారు. వ్యాన్‌లోకి డ్రమ్ములు ఎక్కిస్తూ జాయిస్‌ని అడిగాను.

"ఆ రోజే చెయ్యెత్తొచ్చుగా. ఎందుకు ఎత్తలేదే?"

"ఎత్తితే ఇద్దరికి ఇద్దరం అయ్యేవాళ్లం," అంది జాయిస్. "స్టేజీ మీదైతే ఉన్నది నా ఒక్క ఓటే."