మెత్త బోల్టు

నవంబరు వచ్చిందంటే కమినుమలో ఎవరికీ కాలు నిలవదు. కొండవాలున తొమ్మిది ఇళ్ల ఊరు, అందరికీ కలిపి ఒకటే మంచు చిమ్మే యంత్రం. మొదటి మంచు పడేలోగా దాన్ని సిద్ధం చేయాలి. ఈ ఏడు ఆ పని మిసావోకి అప్పగించారు. ముల్లంగి ఊరగాయల షెడ్డులో పనిచేసే నలభై ఆరేళ్ల మనిషి, స్పానరు చేతికందగానే పండగొచ్చినంత సంబరపడింది.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆ యంత్రం బాగోగులు చూసింది తొకుజీ తాత. నిరుడు ఆయన కిడ్నీలు మొండికేశాయి. వారానికి మూడుసార్లు పట్నం వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆసుపత్రి వ్యాను ఏడున్నరకల్లా ఆయన గుమ్మం ముందుకు రావాలి, దారిలో మంచుంటే మాత్రం పైకి ఎక్కదు. తాత ప్రాణం ఇప్పుడు ఆ యంత్రం మీదే ఉంది, యంత్రమేమో మిసావో చేతిలో ఉంది. అది తలచుకుంటే ఆమెకు భయం వేసేది, వెంటనే ఎక్కడలేని హుషారూ వచ్చేది.

నిరుటి పెట్రోలు వంపేసింది. నల్లబడ్డ ఆయిలు తీసి కొత్తది పోసింది. స్పార్క్ ప్లగ్గు గీకి, బెల్టు చీలిందేమో వేలితో తడిమి చూసింది. మంచును లోపలికి లాగే ముందువైపు మర దగ్గరికి వచ్చి, దాన్ని ఇరుసుకు బిగించిన బోల్టులు ఊడదీయబోయింది. బోర్లించిన తొట్టి మీద కూర్చున్న తాత గయ్యిమన్నాడు.

"ఏమేయ్! ఆ బోల్టుల జోలికెందుకు పోతున్నావ్?"

"ఇవి ఉక్కువి తాతా. ఇక్కడ మెత్తవి ఉండాలి. రాయి తగిలితే బోల్టు విరగాలిగానీ గేర్లు కాదు."

"నాకు చెప్తున్నావా? ఆ మెత్తవి నాలుగు రోజులకోసారి పుటుక్కుమనేవి. విసుగెత్తి ఉక్కువి బిగించా. ఇన్నేళ్లలో ఒక్కటి విరిగిందేమో చెప్పు!"

"బోల్టులు విరగలేదులెండి. గేర్‌బాక్స్ మాత్రం రెండుసార్లు మార్చారు."

"అది ముసలిదై పోయింది!"

"మీకంటే చిన్నదేగా తాతా?"

పక్కింటి కయో పకపకా నవ్వింది. అయినా కొత్త బోల్టులు చూసి ఆవిడా పెదవి విరిచింది. "ఇవేంటే మిసావో, అగరొత్తుల్లా ఉన్నాయి! గట్టిగా తుమ్మితే విరిగేట్టున్నాయి."

మిసావో మెత్తవే బిగించింది. మిగిలిన ఆరు కోటు జేబులో వేసుకుంది. ఊరంతా ఒకవైపు, తానొక్కతే ఒకవైపు. తప్పు తనదే అయితే తాత గతేమిటన్న బెంగ లోపల పీకుతూనే ఉంది.

డిసెంబరు రెండో బుధవారం, తాత ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు, తెల్లారేసరికి మోకాలి లోతు మంచు! ఆరింటికి మిసావో తాడు లాగింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ లాగింది, దగ్గి ఊరుకుంది. మూడోసారి ఊపిరి బిగబట్టి లాగితే బుర్రుమంటూ లేచింది. "వచ్చేసిందిరోయ్!" అంటూ కయో గుమ్మంలో గంతేసింది. మంచు తాటిచెట్టంత ఎత్తున ఎగిరి పక్కన పడుతుంటే మిసావోకి ఒళ్లు తెలియలేదు. చలి లేదు, నిద్ర లేదు, నోట్లోంచి పాట కూడా వచ్చేసింది.

మలుపు దగ్గర టక్కున చప్పుడైంది. ఇంజను ఆడుతూనే ఉంది, మర మాత్రం ఆగిపోయింది. అప్పటికి టైము ఏడు.

తాత కిటికీ తెరిచాడు. "చెప్పానా! నా బోల్టయితే నమిలి పారేసేది! ఇప్పుడు నన్ను నీ వీపున మోసుకెళ్తావుటే?"

మిసావో ఇంజను ఆపి, ప్లగ్గు టోపీ ఊడదీసి, కర్రతో పొడిచి చూసింది. గట్టు మీంచి జారిన రాయి, అన్నం గిన్నెంత ఉంది. దాన్ని బయటికి దొర్లించింది. విరిగిన బోల్టు ముక్కను సుత్తితో కొట్టి తీసేసింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కొత్త బోల్టు ఒకసారి మంచులో జారిపడితే ఇంకోటి తీసి దూర్చి బిగించింది. తాడు లాగింది. మర తిరిగింది! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఏడూ ఇరవై ఎనిమిదికి వ్యాను గుమ్మం ముందు ఆగింది. తాత కర్ర ఊతంతో వస్తూ దారి పక్కనున్న రాయి దగ్గర నిలబడ్డాడు.

"మలుపులోనే తగిలిందా?"

"అవును తాతా."

ఆయన కర్రతో ఆ రాయిని పొడిచి చూశాడు.

"ఆ రెండు గేర్‌బాక్సులూ పోయింది ఈ మలుపులోనే. ఇలాంటి రాళ్లకే. పాతబడి పోయాయని ఊరందరికీ చెప్పాను." గొంతు తగ్గింది. "నా మాట విని ఆ ఉక్కువే ఉంచుంటే ఇవాళ నా పని అయిపోయేది."

డ్రైవరు చేయి అందించి ఆయన్ని ఎక్కించాడు. తలుపు మూయబోతుంటే తాత అడ్డంగా కర్ర పెట్టాడు.

"ఎన్ని మిగిలాయే?"

"నాలుగు. మంచులో పడ్డది దొరికితే అయిదు."

"ఏ మూలకీ చాలవు. వచ్చేటప్పుడు ఒక డబ్బా పట్టుకొస్తా. ఏ కొలతవో కాగితం మీద రాసియ్యి. నాకు తెలీదు."

మిసావో కొలత రాసిచ్చింది. తాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆసుపత్రి చీటీ ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.