గీత పడని సాయంత్రం

విమానాలు ఆకాశంలో ఎటు తోస్తే అటు పోతాయని మనలాంటివాళ్లం అనుకుంటాం. అదేం కాదు. కింద ఎక్కడో ఒక గదిలో ఎవరో ఒకరు కూర్చుని, ఏ విమానం ఏ దారిన, ఎంత ఎత్తున పోవాలో ముందే గీసి పెడతారు. ఈ కథలో ఆ పని ఒక ఇంటి కోడలిది. ఆఫీసులో ఆమెను దారులమ్మ అంటారు. ఆ పిలుపు వేళాకోళంగా మొదలై, చివరికి అదే పేరై కూర్చుంది.

ఈమధ్య ఆమెకు కొత్త తలనొప్పి ఒకటి వచ్చిపడింది. విమానం వెనక తెల్లటి గీత పడుతుంది చూశారూ, అది ఉత్త పొగ కాదు. ఇంజను వదిలిన ఆవిరి పైనున్న చలికి గడ్డకట్టిన మంచు. మామూలుగా కాసేపట్లో మాయమైపోతుంది. చలీ తేమా బాగా పట్టిన గాలిపొరలోంచి విమానం వెళ్తే మాత్రం ఆ గీత ఓ పట్టాన పోదు. పరుచుకుని పల్చటి మబ్బై, రాత్రిపూట భూమి వదిలే వేడిని పైకి పోనివ్వకుండా దుప్పటిలా కప్పేస్తుంది. అందుకని ఆ పొర ఎక్కడుందో చూసుకుని, విమానాన్ని దాని కిందనుంచో పైనుంచో పంపాలి. కాస్త ఇంధనం ఎక్కువ కాలినా నష్టం లేదు. పొర ఎక్కడుందో చెప్పేది పక్క బల్ల దగ్గర కూర్చునే వాతావరణం ఆయన. అందరికీ ఆయన మబ్బుల బాబాయి.

ఆ లెక్కన అన్నిటికంటే ముందు దించాల్సింది సాయంత్రం విమానాన్ని. అది రోజూ సరిగ్గా ఆ పొరలోంచే పోతూ ఊరి మీద పొడవాటి గీత గీస్తోంది. కోడలు మిగతావన్నీ కదిల్చింది, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఎందుకంటే ఆ గీత ఆమె మామగారిది.

మామగారు ఒకప్పుడు ఆ దారిలో విమానం నడిపిన కెప్టెన్. ఇప్పుడు ఆయనకు నిన్నటికీ నేటికీ మధ్య గోడ కూలిపోయింది. పొద్దు వాలేసరికి ఒకటే హడావిడి. "నా టోపీ ఏదమ్మా? ఆలస్యమైపోతోంది" అంటూ గది గదీ తిరిగి, చివరికి టోపీ పెట్టుకుని డాబా ఎక్కేస్తారు. ఎవరు పిలిచినా దిగరు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటారు. ఒకసారి అలాగే మెట్ల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది. కాసేపటికి నారింజరంగు ఆకాశంలో ఆ తెల్లగీత మొదలవుతుంది. ఆయన రెప్ప వెయ్యకుండా దాన్నే చూసి, "హమ్మయ్య, వెళ్లిపోయాను" అంటారు. అంతే, బుద్ధిమంతుడిలా దిగొచ్చి, పెట్టింది తిని పడుకుంటారు. నోట్లోంచి ఒక్క మాట రాదు. కొడుకు ఏమడిగినా గోడవైపే చూస్తుంటారు. "నాన్న గాల్లో ఉన్నారు, వదిలెయ్" అని కొడుకు నవ్వేస్తాడు.

అయినా ఆయన దిగుతున్నారు, తింటున్నారు. ఆ గీత కూడా లేకపోతే మనిషిని కిందికి దింపేదెలా?

"ఏం దారులమ్మా, అన్నిటినీ దించావు. ఆ సాయంత్రం పిట్ట మీదే అంత ప్రేమేంటి?" అన్నాడు మబ్బుల బాబాయి ఓరోజు.

"ఇంధనం ఎక్కువవుతుంది బాబాయ్."

"మిగతావాటికి అవ్వదా ఏంటి?"

ఆమె కంప్యూటర్ తెరలో తల దూర్చేసింది. ఆయన గుచ్చి గుచ్చి అడిగే రకం కాదు. "నీ ఇష్టం. ఇవాళ పొర బాగా మందంగా ఉంది. తర్వాత చెప్పలేదనకు" అని టీకి లేచాడు.

ఆ సాయంత్రం గీత పడింది. మామగారు వెళ్లిపోయానన్నారు. కానీ గీత మాత్రం వెళ్లలేదు. ఉబ్బింది, అంచులు కరిగాయి, నీళ్లలో పడిన పాలలా నెమ్మదిగా పాకింది. ఆకాశం మొత్తం ఎవరో నిద్రలో లాక్కున్న దుప్పటి కిందికి పోయినట్టుంది. అప్పుడే పైకొచ్చిన చంద్రుడు మసకబారి, మరకలా మిగిలాడు. మామగారు మెట్టు మీద ఒక కాలేసి ఆగిపోయారు.

"ఇదెవరి నిర్వాకం?"

"ఏది మామయ్యా?" అంది వెనకే ఉన్న కోడలు.

"చంద్రుణ్ణి కప్పేశారు చూడు! మన దారిన మనం పోవాలి గానీ, ఇలా ఆకాశమంతా పులిమి పోతామా? ఎవడో గానీ బొత్తిగా సిగ్గులేదు."

ఆయన తిట్టుకుంటున్నది తన గీతనేనని ఆయనకు తెలియదు. ఆ తిట్టు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. కోడలు తల వంచుకుని ఆయన వెనకే దిగింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే ఆ సాయంత్రం విమానం దారిని పొర కిందికి దించేసింది. మబ్బుల బాబాయి అది తెర మీద చూశాడు. తన టీలో సగం ఆమె కప్పులో పోశాడు, అంతే.

పొద్దు వాలకముందే ఇంటికి చేరి, మామగారి వెనకే డాబా ఎక్కింది. భర్తకు ముందే చెప్పింది. తండ్రి తూలితే పట్టుకోవడానికి అతను మెట్ల దగ్గర నిలబడ్డాడు. గాలి లేదు. తీగ మీద బట్టలు కూడా కదలడం లేదు. చాలా ఎత్తున ఒక వెలుగు నలుసు చప్పుడు లేకుండా ఆకాశాన్ని దాటిపోయింది. వెనక ఏమీ పడలేదు. నీలం అలాగే ఉంది.

మామగారు చాలాసేపు చూశారు.

"గీత ఏదమ్మా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "పడలేదు మామయ్యా. పడకుండా నేనే చేశాను."

"అంటే... నేను వెళ్లలేదా?"

ఆమెకు భయమేసింది. పిట్టగోడ పట్టుకుని, లేదన్నట్టు తలూపింది.

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. బట్టల తీగను చూశారు, నీళ్ల ట్యాంకును చూశారు, మెట్ల దగ్గరున్న మనిషిని చూశారు. ఎన్నాళ్లకో ఆ చూపు ఒకచోట నిలిచింది.

"ఏరా, ఇవాళ నాకు డ్యూటీ లేదట. నువ్వింత ఎప్పుడు పెరిగావురా?"

కొడుకు ఈసారి నవ్వేయలేదు. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, భుజం అందించాడు.

"పద, కిందికి పోదాం. ఇంట్లో ఉండి చాలా రోజులైంది" అన్నారు మామగారు.

ఆ పూట అన్నాల దగ్గర ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. గోడవైపు ఒక్కసారి కూడా చూడలేదు.